లోపలికి కారే వేడి: అతిశీతల ద్రవాల నిల్వపై ఒక సమీక్ష

ఒక వాట్ వేడి చాలా తక్కువ. ఊరికే కూర్చున్న మనిషి ఒంటి నుంచే సుమారు వంద వాట్ల వేడి వెలువడుతూ ఉంటుంది. అందులో నూరో వంతు, అంటే ఒక్క వాట్, రోజంతా ఆగకుండా ఒక పాత్రలోకి కారిందనుకుందాం. పాత్రలో ఉన్నది ద్రవ ఆక్సిజన్ అయితే ఆ రోజుకు మూడో వంతు లీటరు పైచిలుకు ఆవిరవుతుంది. ద్రవ నత్రజని అయితే అరలీటరు దాటుతుంది. ద్రవ హైడ్రోజన్ అయితే 2.7 లీటర్లు పోతుంది. ద్రవ హీలియం అయితే 33 లీటర్లు. వేడి అదే, కాలమూ అదే; నష్టం మాత్రం తొంభై రెట్ల దాకా మారింది. అతిశీతల ద్రవాల నిల్వ గురించి ఏం మాట్లాడాలన్నా ఈ నాలుగు అంకెలతోనే మొదలుపెట్టాలి. అన్నిటికన్నా మంచి ఇన్సులేషన్ ఏదన్న ప్రశ్నకు ఒక్క జవాబు ఎందుకు లేదో ఇవే చెబుతాయి.

ఈ ద్రవాలు మరిగే ఉష్ణోగ్రతలు తెలిసినవే. ద్రవరూప సహజవాయువు మైనస్ 162 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. ఆక్సిజన్ మైనస్ 183, నత్రజని మైనస్ 196, హైడ్రోజన్ మైనస్ 253, హీలియం మైనస్ 269. చలి బాగా పెరిగితే లీటరుకు లెక్కగట్టిన గుప్తోష్ణం, అంటే ద్రవం ఆవిరి కావడానికి తాగే వేడి, తగ్గిపోతుంది. లీటరు ద్రవ నత్రజని ఆవిరి కావాలంటే 161 కిలోజౌళ్లు కావాలి. లీటరు హీలియానికి 2.6 కిలోజౌళ్లు చాలు. ఈ కారణంగా హీలియం పాత్రను కట్టేవాడు మిల్లీవాట్లు లెక్కపెడతాడు. సహజవాయువు ట్యాంకు కట్టేవాడు కిలోవాట్లలో మాట్లాడతాడు. వాళ్లిద్దరూ వాడే సామగ్రి వేరు, భయాలు వేరు.

వేడి లోపలికి రావడానికి పాఠశాలలో చదువుకున్న మూడు దారులే ఉన్నాయి: వహనం, సంవహనం, వికిరణం. మూడింటినీ ఒకే పాత్రలో అడ్డుకున్న మొదటి మనిషి స్కాట్లాండ్‌లో పుట్టిన జేమ్స్ డ్యూవర్. 1892లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో ఆయన రెండు గోడల గాజు పాత్ర చేసి, గోడల మధ్య గాలిని తోడేశాడు. గాలి పోవడంతో సంవహనం ఆగింది, వాయువు ద్వారా జరిగే వహనమూ దాదాపు ఆగింది. గోడలకు వెండి పూత పూస్తే వికిరణం వెనక్కి మళ్లింది. ఆ పాత్ర అండతోనే 1898లో హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చగలిగాడు. పదేళ్ల తరువాత, 1908 జులైలో, నెదర్లాండ్స్‌లోని లైడెన్ నగరంలో కామర్లింగ్ ఓన్నెస్ హీలియాన్ని ద్రవీకరించినప్పుడు కూడా ఆ ద్రవం నిలిచింది ఇలాంటి పాత్రలోనే. డ్యూవర్ పేటెంటు తీసుకోలేదు. 1904లో జర్మనీలో అదే పాత్ర థర్మాస్ అనే పేరుతో అమ్మకానికి వచ్చింది. ఆయన కోర్టుకెక్కి ఓడిపోయాడు. మన ఇళ్లలో టీ పోసుకునే ఫ్లాస్కు పుట్టింది వేడిని దాచడానికి కాదు, చలిని దాచడానికి.

శూన్యం విషయంలో చాలామందికి అందని సంగతి ఒకటుంది. గాలిని సగం తోడేస్తే వేడి కారడం సగమవుతుందని అనుకుంటాం. అలా కాదు. వాయువు పీడనం తగ్గుతున్నా దాని ఉష్ణవాహకత చాలా దూరం వరకు మారనే మారదు. అణువుల సంఖ్య తగ్గిన కొద్దీ ఒక్కొక్క అణువూ మరో అణువును ఢీకొనకుండా పోయే దూరం పెరుగుతుంది, ఒకదానికొకటి సరిపోతుంది. ఆ దూరం రెండు గోడల మధ్య ఖాళీతో సమానమయ్యాకే నిజమైన లాభం మొదలవుతుంది. అందుకే అరకొర శూన్యం వల్ల ఖర్చే తప్ప ప్రయోజనం ఉండదు. ఖాళీని చిన్న చిన్న అరలుగా చీలిస్తే మాత్రం లెక్క మారుతుంది. పొడి నింపిన చోట రేణువుల మధ్య సందులు చాలా సన్నం. అక్కడ ఒక మోస్తరు శూన్యంతోనే పని జరుగుతుంది. పెద్ద ట్యాంకుల్లో పొడిని నింపడానికి అసలు కారణం ఇదే. వందల ఘనపు మీటర్ల ఖాళీలో అత్యున్నత శూన్యాన్ని ఏళ్ల తరబడి నిలబెట్టడం కష్టం. పొడి ఉంటే అంత శూన్యం అక్కర్లేదు.

ఇక వికిరణం. గది వేడిలో ఉన్న నల్లని చదరపు మీటరు సుమారు 460 వాట్లు వెదజల్లుతుంది. రెండు గోడలకూ చక్కని మెరుపు పూత ఉంటే అవతలికి చేరేది ఆరేడు వాట్లకు తగ్గుతుంది. హీలియానికి అదీ భరించరానిదే. 1951లో స్వీడన్‌కు చెందిన పీటర్ పీటర్సన్ ఒక మార్గం చూపాడు: రెండు గోడల మధ్య శూన్యంలో మెరిసే రేకులను పొరలు పొరలుగా వేలాడదీయడం. ఒక్కొక్క పొర తన ముందున్న పొర నుంచి వచ్చిన వేడిలో కొంత వెనక్కి పంపుతుంది. ఈనాడు వాడే పొరలు కొన్ని మైక్రాన్ల మందమున్న పాలియెస్టర్ ఫిల్మ్, దాని రెండు వైపులా అల్యూమినియం పూత. పొరకూ పొరకూ మధ్య వల లాంటి సన్నని బట్టో, గాజునార కాగితమో పెడతారు. దీన్ని బహుపొరల ఇన్సులేషన్ అంటారు. పని చేసేవాళ్ల నోట వినిపించేది సూపర్ ఇన్సులేషన్ అనే మాట. ద్రవ ఆక్సిజన్ పాత్రల్లో మాత్రం ప్లాస్టిక్ ఫిల్మ్‌కు బదులు అల్యూమినియం రేకు, గాజునార కాగితం వాడతారు. ఆక్సిజన్ కారితే ప్లాస్టిక్ ఇంధనమైపోతుంది మరి.

కాగితం మీద దీనికి సాటి లేదు. నిశ్చలమైన గాలి ఉష్ణవాహకత మీటరుకు, కెల్విన్‌కు 26 మిల్లీవాట్లు. మంచి పాలీయురెథేన్ ఫోమ్ ఇంచుమించు 20-25. శూన్యంలో ఉన్న పెర్లైట్ పొడి ఒకటి. సూపర్ ఇన్సులేషన్ ఆ ఒకటిలో పదో వంతుకో, ఇరవయ్యో వంతుకో దిగుతుంది. ఈ పట్టిక ఒక్కటి చూసి నిర్ణయాలు చేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. ఆ చివరి అంకె ప్రయోగశాలలో, నున్నటి స్తంభం మీద, శ్రద్ధగా చుట్టిన నమూనాది. నిజమైన ట్యాంకుకు మూలలుంటాయి, గొట్టాలుంటాయి, ఆధారాలుంటాయి. పొర ఆగిపోయిన ప్రతి అంచు దగ్గరా వేడి పక్కదారి పడుతుంది. గట్టిగా బిగించి చుడితే పొరలు ఒకదానికొకటి తగిలి వహనం పెరుగుతుంది. సెంటీమీటరుకు 20, 30 పొరలు దాటితే పొరలు కలిపిన కొద్దీ లాభం తగ్గుతుంది. శూన్యం కొంచెం చెడితే చాలు, ఆ గొప్పతనమంతా పోతుంది. చేతిలో పని ఉన్నవాళ్లు ప్రయోగశాల అంకెకు కొన్ని రెట్లు ఎక్కువ వేడి వేసుకుని లెక్కలు మొదలుపెడతారు. అదే సరైన పద్ధతి.

సూపర్ ఇన్సులేషన్ తన పూర్తి శక్తి చూపించేది మనిషి చేయి తగలని చోట్ల. ఐరోపా అంతరిక్ష సంస్థ 2009 మే నెలలో పంపిన హెర్షెల్ టెలిస్కోపు వెంట 2,300 లీటర్ల పైచిలుకు హీలియం ఉంది. దాని ఆయుష్షు అంటే ఆ హీలియం ఆయుష్షే. ఆవిరైన ప్రతి చుక్కనూ వృథా పోనివ్వకుండా, ఆ చల్లని వాయువును పొరల చుట్టూ తిప్పి, అది వేడెక్కుతూ బయటి నుంచి వచ్చే వేడిని పీల్చుకునేలా కట్టారు. 2013 ఏప్రిల్ 29న చివరి హీలియం అయిపోయింది, పరిశీలనలు ఆగాయి. జేమ్స్ వెబ్ టెలిస్కోపు ఎండను ఆపే ఐదు పొరల తెర కూడా ఇదే సూత్రం. టెన్నిస్ కోర్టంత తెర, పొరల మధ్య విశాలమైన ఖాళీ, ఆ ఖాళీ చివర్లు అంతరిక్షంలోకి తెరిచి ఉంటాయి.

నేల మీది భారీ ట్యాంకులకు వస్తే కథానాయకుడు పెర్లైట్. ఇది ఒక రకం అగ్నిపర్వత గాజు. దాన్ని నలగ్గొట్టి 870 డిగ్రీల దాకా వేడి చేస్తే లోపలి నీరు ఆవిరై రేణువు ఎన్నో రెట్లు పొంగుతుంది. చవక, మండదు, ఎంత పెద్ద ఖాళీనైనా పోసి నింపవచ్చు. అమెరికాలోని కెన్నెడీ అంతరిక్ష కేంద్రంలో 1960లలో చంద్రయాత్రల కోసం కట్టిన రెండు ద్రవ హైడ్రోజన్ గోళాలు, ఒక్కొక్కటి 32 లక్షల లీటర్లవి, శూన్య పెర్లైట్ మీదే దశాబ్దాలు నడిచాయి. వాటిలో ఒకదాని ఆవిరి నష్టం రెండోదానికన్నా బాగా ఎక్కువ. కారణం వెతికితే గోడల మధ్య ఒక చోట పెర్లైటే లేని ఖాళీ ఉందని తేలింది. ఒకే కొలతలు, ఒకే సామగ్రి, ఒకే కాలంలో కట్టినవి. తేడా తెచ్చింది పొడి పోసినప్పుడు మిగిలిన ఆ సందు. పదార్థం గుణం గురించి వంద పేజీలు చదివినవాడు కూడా పని తీరు గురించి ఈ ఒక్క ఉదాహరణను మరచిపోకూడదు.

పెర్లైట్‌కు మరో జబ్బు ఉంది. లోపలి పాత్ర చల్లబడినప్పుడు కుంచించుకుపోతుంది, ఖాళీ పెరిగి పొడి కిందికి జారుతుంది. మరమ్మతుకు ట్యాంకును ఖాళీ చేసి వేడెక్కనిస్తే పాత్ర మళ్లీ వ్యాకోచించి ఆ పొడిని నలిపేస్తుంది. ఇలా రెండు మూడు విడతలు జరిగితే పొడి గట్టిపడి, పైన ఖాళీలు మిగులుతాయి. దీనికి బదులుగా నాసా పరిశోధకులు బోలు గాజు బుడగలను ఎంచుకున్నారు. సగటున 65 మైక్రాన్ల వ్యాసమున్న ఈ బుడగలు ద్రవంలా జారి ప్రతి సందూ నింపుతాయి, నలగవు. స్టెన్నిస్ అంతరిక్ష కేంద్రంలో సుమారు 2 లక్షల లీటర్ల గోళంలో పెర్లైట్ తీసి ఇవి నింపితే ఆవిరి నష్టం 46 శాతం తగ్గింది. ఆ ధైర్యంతోనే కెన్నెడీ కేంద్రంలో కట్టిన 47 లక్షల లీటర్ల కొత్త గోళంలో గాజు బుడగలే నింపారు. ఈ రంగంలో గత పాతికేళ్లలో వచ్చిన మార్పుల్లో నన్ను ఎక్కువగా ఒప్పించింది ఇదే. పట్టికలో అంకె ఒకటి నుంచి 0.7కు మారినందుకు కాదు, పదే పదే చల్లబడి వేడెక్కినా చెడిపోని గుణం కోసం.

సహజవాయువు ట్యాంకుల్లో ఇంత తంటా లేదు. అక్కడ శూన్యమే ఉండదు. లోపల 9 శాతం నికెల్ ఉక్కు, బయట కాంక్రీటు గోడ, మధ్యలో మీటరు మందాన పెర్లైట్, పొడి వాయువు. లోపలి గోడకు ఆనించి గాజునార దుప్పటి వేలాడదీస్తారు. పాత్ర వ్యాకోచించినప్పుడు అది నలిగి, పెర్లైట్ నలగకుండా కాపాడుతుంది. అడుగున పొడి పనికిరాదు, ఎందుకంటే మొత్తం బరువంతా అక్కడే. బరువు మోయగల గాజు నురగ దిమ్మెలు పేరుస్తారు. వాటి కింద నేలను వేడి చేసే ఏర్పాటు కూడా ఉంటుంది. లేకపోతే కొన్నేళ్లకు నేలలోని తేమ గడ్డకట్టి ఉబ్బి పునాదినే పైకెత్తుతుంది. ఒకటిన్నర, రెండు లక్షల ఘనపు మీటర్ల ట్యాంకులో రోజుకు 0.05 శాతం ఆవిరి నష్టం ఆమోదయోగ్యం. అలా ఆవిరైనదీ వాయువుగా అమ్ముడుపోతుంది కాబట్టి ఎవరూ బాధపడరు. ఓడల్లో అయితే దాన్ని ఇంజనుకే ఇంధనంగా పంపుతారు. 1959లో అమెరికాలోని లేక్ చార్లెస్ నుంచి ఇంగ్లండ్‌లోని కాన్వే ద్వీపానికి మొదటి ద్రవ సహజవాయువు మోసిన మీథేన్ పయొనీర్ ఓడలో ఇన్సులేషన్ ఏమిటనుకున్నారు? బాల్సా కర్ర. ఈనాటి ఓడల్లో సన్నని లోహపు పొర వెనుక ఫోమ్ పలకలో, పెర్లైట్ నింపిన ప్లైవుడ్ పెట్టెలో ఉంటాయి. ఆ లోహపు పొరలో ఒక రకం ఇన్వార్, 36 శాతం నికెల్ ఉన్న ఇనుము. చల్లబడినా దాదాపు కుంచించుకుపోని ఈ మిశ్రలోహాన్ని 1896లో కనుగొన్న గియోమ్‌కు 1920లో నోబెల్ బహుమతి వచ్చింది.

రాకెట్ ట్యాంకు మాత్రం పూర్తిగా వేరే లోకం. అక్కడ ప్రతి కిలో బరువూ ఉపగ్రహం బరువులోంచి తీసేసినదే. రెండు గోడలు, మధ్యలో శూన్యం అంటే బరువు మోయలేనిది. పైగా ద్రవం ట్యాంకులో ఉండేది కొన్ని గంటలే, ఆవిరైనదాన్ని ప్రయోగానికి కొద్దిసేపటి ముందు దాకా నింపుతూనే ఉంటారు. అందుకే పట్టికలో అట్టడుగున ఉన్న ఫోమ్ ఇక్కడ గెలిచింది. శ్రీహరికోట నుంచి 2023 జులై 14న చంద్రయాన్-3ను మోసుకెళ్లిన ఎల్‌వీఎం3 పై దశలో 28 టన్నుల ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ పడతాయి. ఆ అల్యూమినియం మిశ్రలోహపు ట్యాంకులను కాపాడేది పైన అంటించిన ఫోమే. మన గోదావరి ప్రాంతంలో సగ్గొండ దగ్గర ఆంధ్రా షుగర్స్ ఇస్రో కోసం ద్రవ హైడ్రోజన్ తయారు చేస్తుందని తెలుగువాళ్లలోనే చాలామందికి తెలియదు. అది రోడ్డు మీద ప్రయాణించేటప్పుడు శూన్యపు గోడల ట్యాంకరు కావాలి, రాకెట్‌లోకి ఎక్కాక ఫోమ్ చాలు. ద్రవం అదే, కావలసిన కాలం మారింది, ఇన్సులేషన్ మారింది.

ఫోమ్ చవక అని తేలిగ్గా తీసుకుంటే ఏమవుతుందో చరిత్ర రెండుసార్లు చూపింది. 1962 మే 8న అమెరికా తొలి సెంటార్ రాకెట్ పైకి లేచిన నిమిషం లోపే దాని ద్రవ హైడ్రోజన్ ట్యాంకు చుట్టూ ఉన్న ఇన్సులేషన్ పలకలు ఊడిపోయి, ట్యాంకు వేడెక్కి పగిలింది. రెండోది అందరికీ గుర్తే. 2003 జనవరి 16న కొలంబియా షటిల్ ఎగిరిన 82 సెకన్లకు బయటి ట్యాంకు నుంచి ముప్పావు కిలో ఫోమ్ ముక్క ఊడి, గంటకు 800 కిలోమీటర్లకు పైబడిన వేగంతో ఎడమ రెక్క అంచును కొట్టింది. ఫిబ్రవరి 1న తిరుగు ప్రయాణంలో కల్పనా చావ్లాతో సహా ఏడుగురూ చనిపోయారు. ఆ ఫోమ్ వేడిని ఆపే పనిలో ఏ లోపమూ చేయలేదు. ఉష్ణవాహకత పరీక్షలన్నీ నెగ్గింది. అంటుకుని ఉండటమే చేయలేకపోయింది. ఇన్సులేషన్‌ను యంత్రంలో భాగంగా కాక పైన కప్పే దుప్పటిగా చూసినంత కాలం ఇలాంటి మరణాలకు తలుపు తెరిచే ఉంటుంది.

హైడ్రోజన్‌కు చుట్టూ ఉన్న గాలితోనే గొడవ. మైనస్ 253 డిగ్రీల ఉపరితలం మీద నత్రజని, ఆక్సిజన్ రెండూ ద్రవమవుతాయి, గడ్డ కూడా కడతాయి. ఫోమ్‌లో చిన్న పగులుంటే బయటి గాలి లోపలికి దూరి, అక్కడే ద్రవమై, ఇంకొంత గాలిని లాగుతుంది. ట్యాంకు వేడెక్కినప్పుడు అది ఒక్కసారిగా ఆవిరై ఫోమ్‌ను పెళ్లగించగలదు. ఇన్సులేషన్ లేని హైడ్రోజన్ గొట్టం నుంచి కారే ద్రవ గాలిలో ఆక్సిజన్ పాలు ఎక్కువ. అది నూనె మీదో తారు మీదో పడితే అగ్గి రాజుకుంటుంది. సహజవాయువు ట్యాంకులో మాదిరిగా గోడల మధ్య నత్రజని నింపుదామంటే ఆ నత్రజనే గడ్డకడుతుంది. హీలియం నింపాలి, లేదా శూన్యం చేయాలి. రెండూ ఖరీదే.

వీటన్నిటికన్నా ఆశ్చర్యం ఏమిటంటే, హైడ్రోజన్‌కు వేడి బయటి నుంచే రావాలని లేదు. దాని అణువుల్లో ఆర్థో, పారా అని రెండు రకాలున్నాయి. గది ఉష్ణోగ్రతలో 75 శాతం ఆర్థో. అతిశీతలంలో దాదాపు అంతా పారాగా మారాలి, కానీ ఆ మార్పు తనంతట తాను రోజుల తరబడి నెమ్మదిగా సాగుతుంది, సాగుతూ వేడి విడుదల చేస్తుంది. ఆ వేడి కిలోకు సుమారు 527 కిలోజౌళ్లు. కిలో ద్రవ హైడ్రోజన్ ఆవిరి కావడానికి కావలసింది 446 మాత్రమే. అంటే మార్పు జరగకుండా ద్రవీకరించిన హైడ్రోజన్‌ను లోకంలోకెల్లా గొప్ప పాత్రలో పోసి మూసినా చాలా భాగం తనను తానే మరిగించుకుంటుంది. ఇక్కడ ఇన్సులేషన్ చేయగలిగింది ఏమీ లేదు. ద్రవీకరణ యంత్రంలోనే ఐరన్ ఆక్సైడ్ లాంటి ఉత్ప్రేరకంతో మార్పు ముగించి పంపాలి.

ఇప్పుడు మన ఊళ్ల దాకా వద్దాం. నంద్యాల, విశాఖపట్నం, కరీంనగర్‌లలోని ఘనీకృత వీర్య కేంద్రాల నుంచి ముర్రా, ఒంగోలు ఆబోతుల వీర్యం సన్నని నాళికల్లో, ద్రవ నత్రజనిలో మునిగి బయలుదేరుతుంది. పశువైద్యశాలకు, అక్కడి నుంచి కృత్రిమ గర్భధారణ చేసే గోపాలమిత్ర మోటారు సైకిలు మీద రైతు కొట్టానికి చేరుతుంది. ఆ ప్రయాణాన్ని మోసేది చిన్న అల్యూమినియం క్రయోక్యాన్. దాని లోపలా శూన్యం, సూపర్ ఇన్సులేషనే. ఇంత చిన్న పాత్రలో గోడల గుండా వచ్చే వేడి సమస్య కాదు. సమస్యంతా మెడ దగ్గర. లోపలి పాత్ర మెడ మీదే వేలాడుతుంది కాబట్టి మెడ గట్టిగా ఉండాలి. వేడి దిగకూడదు కాబట్టి సన్నగా, పొడవుగా ఉండాలి. అందుకే దాన్ని లోహంతో కాక గాజునార, ఎపాక్సీతో చేస్తారు. ఆవిరైన చల్లని నత్రజని ఆ మెడ గుండానే పైకి పోతూ దిగివచ్చే వేడిని వెంట తీసుకుపోతుంది. నురగ బిరడా వదులుగా ఉండేది ఆ ఆవిరి పోవడానికే. బిగించి మూస్తే పాత్ర పేలుతుంది.

క్యాన్‌కు గతుకుల రోడ్డు శత్రువు. కింద పడితే, పక్కకు ఒరిగితే, మెడ అతుకు దగ్గర వెంట్రుకంత పగులు చాలు. శూన్యం పోతుంది. గోడలు, మెడ చెమట పట్టడమో, మంచు పేరడమో మొదటి గుర్తు. కానీ శూన్యం నెమ్మదిగా చెడే క్యాన్లలో ఆ గుర్తు ఆలస్యంగా కనిపిస్తుంది. లోహం నుంచి, పొరల నుంచి ఏళ్ల తరబడి వాయువులు విడుదలవుతూనే ఉంటాయి. వాటిని పీల్చడానికి గోడల మధ్య ఉత్తేజిత బొగ్గో, మాలిక్యులర్ సీవో పెడతారు. చలిలో బొగ్గు వాయువును పీల్చి శూన్యాన్ని కాపాడుతుందని చూపిందీ డ్యూవరే. అది నిండిపోయాక క్యాన్ వయసు అయిపోయినట్టే. ఈలోగా వీర్య నాళికలు మైనస్ 130 డిగ్రీలు దాటి వేడెక్కితే కణాల్లో మంచు స్ఫటికాలు పెరుగుతాయి, మళ్లీ ముంచినా ప్రాణం తిరిగి రాదు. కంటికి తేడా ఏమీ కనిపించదు. గేదె కట్టు నిలవదు, రైతు ఇరవై ఒక్క రోజులు నష్టపోతాడు, నింద సూది వేసిన మనిషి మీదకో, గేదె మీదకో పోతుంది. క్యాన్ మెడను ఎవరూ అనుమానించరు.

శూన్యంతో కాపాడే ప్రతి వ్యవస్థలోనూ ఆ శూన్యం పోయిన క్షణం ఏమవుతుందన్నది మొదట అడగాల్సిన ప్రశ్న. జెనీవా దగ్గరి లార్జ్ హాడ్రాన్ కొలైడర్ 27 కిలోమీటర్ల వలయం, దాని అయస్కాంతాలు 1.9 కెల్విన్ దగ్గర హీలియంలో మునిగి ఉంటాయి. 2008 సెప్టెంబరు 19న ఒక విద్యుత్ అతుకు చెడి, హీలియం గదికి చిల్లు పడింది. ఇన్సులేషన్ కోసం ఉంచిన శూన్యంలోకి హీలియం దూసుకొచ్చింది. ఉన్న భద్రతా వాల్వులు ఆ పీడనానికి చాలలేదు. పదుల టన్నుల అయస్కాంతాలు చోటు నుంచి జరిగాయి, సుమారు 6 టన్నుల హీలియం పోయింది. యంత్రం మళ్లీ నడవడానికి ఏడాది దాటింది. ఎంత గొప్ప శూన్యమైతే అంత హఠాత్తుగా ఉంటుంది దాని పతనం. ఫ్రాన్స్‌లోని ఇటర్ కేంద్రక సంలీన ప్రాజెక్టు కోసం గుజరాత్‌లోని హజీరాలో తయారైన 3,850 టన్నుల క్రయోస్టాట్ కూడా ఇలాంటి శూన్యపు గూడే. దాన్ని కట్టినవాళ్లు ఈ పాఠాన్ని ముందే చదువుకోగలిగారు.

ఇంకా పాత పాఠం అమెరికాలోని క్లీవ్‌లాండ్‌ది. 1944 అక్టోబరు 20న అక్కడ ఒక ద్రవ సహజవాయువు ట్యాంకు పగిలి, వాయువు వీధుల్లోకి, మురుగు కాలువల్లోకి పారి అంటుకుంది. సుమారు 130 మంది చనిపోయారు. ఆ చలిలో పెళుసెక్కని ఉక్కు కాదది. ఇన్సులేషన్‌ను కప్పిన బయటి గోడ ద్రవాన్ని ఆపడానికి కట్టింది కాదు. నేటి ట్యాంకులకు బయట కాంక్రీటు గోడ వచ్చింది ఇలాంటి ప్రమాదాల తరువాతే.

2021 వేసవిలో, కోవిడ్ రెండో ఉధృతిలో, ఈ సంగతులన్నీ మన గుమ్మంలోకి వచ్చాయి. ఏప్రిల్ 22న విశాఖ ఉక్కు కర్మాగారం నుంచి ఏడు ట్యాంకర్ల ద్రవ ఆక్సిజన్‌తో మొదటి ఆక్సిజన్ ఎక్స్‌ప్రెస్ నాసిక్‌కు బయలుదేరింది. బేగంపేట నుంచి ఖాళీ ట్యాంకర్లను వాయుసేన విమానంలో భువనేశ్వర్‌కు పంపారు. నిండినవాటిని విమానంలో తేలేరు, ఎందుకంటే ఆవిరవుతూ ఉండే ఆక్సిజన్‌ను మూసిన విమానంలో వదలడం ప్రమాదం. ఆక్సిజన్‌తో పాటు దాన్ని మోసే శూన్యపు గోడల ట్యాంకర్లకూ కటకట వచ్చింది. నత్రజని, ఆర్గాన్ మోసే ట్యాంకర్లను శుభ్రం చేసి ఆక్సిజన్‌కు మార్చారు. ఆ తరువాత ఎన్నో ఆసుపత్రుల ఆవరణల్లో తెల్లని నిలువు ట్యాంకులు వెలిశాయి. లోపల స్టెయిన్‌లెస్ స్టీలు, బయట మామూలు ఉక్కు, మధ్యలో శూన్యం, సాధారణంగా పెర్లైట్. ఒక లీటరు ద్రవం నుంచి సుమారు 860 లీటర్ల వాయువు వస్తుంది. ఆ ట్యాంకు తన పని తాను చేసుకుపోతుంది కాబట్టే దాని సంగతి ఎవరికీ పట్టదు. వార్డులు నిండినప్పుడు ఆవిరి నష్టం కనిపించదు, వాడకంలో కలిసిపోతుంది. రోగులు తక్కువున్న రోజుల్లోనే అది బయటపడుతుంది, సేఫ్టీ వాల్వు తరచుగా బుస కొడుతుంది. ఆ బుసను చాలాచోట్ల మామూలు చప్పుడనుకుంటారు.

ముందు ముందు ఏమిటి? 1931లో శామ్యూల్ కిస్లర్ కనుగొన్న ఏరోజెల్ ఇప్పుడు దుప్పట్ల రూపంలో దొరుకుతోంది. శూన్యం లేకుండానే ఉష్ణవాహకత గాలిలో సగానికి దిగుతుంది. గొట్టాల అతుకులకు, వాల్వులకు, శూన్యం నిలవని వంకర చోట్లకు ఇది వరం. ట్యాంకుల గోడలకు మాత్రం ఖరీదు ఎక్కువ. ఇంకో దారి, కారిన వేడిని శీతల యంత్రంతో ఎప్పటికప్పుడు బయటికి తోడేయడం. ఎంఆర్‌ఐ యంత్రాలు అలాగే మారాయి. ఒకప్పుడు వాటిలో వందల లీటర్ల హీలియం తరచూ నింపాల్సి వచ్చేది, ఇప్పుడు ఆవిరైనదంతా లోపలే తిరిగి ద్రవమవుతుంది. అయితే 4 కెల్విన్ దగ్గర ఒక వాట్ తోడటానికి ఆ యంత్రం ఆరేడు కిలోవాట్ల కరెంటు తింటుంది. ఆ లెక్క చూస్తే మంచి ఇన్సులేషన్ మీద పెట్టిన డబ్బు ఎంత చవకో తెలుస్తుంది.

హరిత హైడ్రోజన్ గురించి మన రాష్ట్రాల్లో ఇప్పుడు ఎక్కువ ఆశలున్నాయి. 2025 జనవరి 8న విశాఖ దగ్గర పూడిమడకలో హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన జరిగింది. హైడ్రోజన్‌ను ద్రవంగా మార్చి ఓడల్లో పంపవచ్చని జపాన్ 2022లో చూపింది; ఆస్ట్రేలియా నుంచి కోబె రేవుకు సుయిసో ఫ్రాంటియర్ ఓడ వచ్చింది, దాని ట్యాంకు 1,250 ఘనపు మీటర్లది. సహజవాయువు ఓడలు లక్షన్నర ఘనపు మీటర్లు మోస్తాయి. కిలో హైడ్రోజన్ ద్రవీకరణకే దానిలోని శక్తిలో మూడో వంతు దాకా ఖర్చవుతుంది. అలా కష్టపడి చల్లబరిచినదాన్ని దారిలో ఆవిరి చేసుకోవడం తట్టుకోలేని నష్టం. మైనస్ 33 డిగ్రీల దగ్గర ద్రవంగా ఉండే అమోనియాకు మామూలు ఫోమ్ చాలు. అందుచేత ఎగుమతికి అమోనియా, రాకెట్లకు ద్రవ హైడ్రోజన్ అన్నది ప్రస్తుతానికి నా తీర్పు. ఈ తీర్పు మారాలంటే కొత్త ఉత్ప్రేరకాల కన్నా ముందు, లక్ష ఘనపు మీటర్ల ఖాళీలో ఇరవై ఏళ్లు చెడని ఇన్సులేషన్ రావాలి.

అంతవరకూ మన చేతిలో ఉన్న పని చిన్నది, ఖర్చు లేనిది. ప్రతి పశువైద్యశాలలో క్రయోక్యాన్‌ను వారానికోసారి తూకం వేసి గోడ మీద రాయండి. తూకం లేకపోతే కర్ర ముంచి, మంచు పట్టిన మేరకు మట్టం కొలవండి. ఆసుపత్రుల్లో ఆక్సిజన్ ట్యాంకు మట్టాన్ని, వాడకాన్ని పక్కపక్కన రాసి, తేడాను నెలనెలా చూడండి. తేడా పెరుగుతుంటే శూన్యం పరీక్ష చేయించండి, ట్యాంకు మంచు పట్టేదాకా ఆగకండి.